కొండ పలికిన మధ్యాహ్నం

తిమ్మాయపాలెం,
చిలకలూరిపేట దగ్గర,
2-4-2007, సోమవారం.

చిరంజీవి కోటేశ్వరరావుకి,

అక్క సామ్రాజ్యం దీవించి రాసేది. ఇక్కడ నేనూ, మీ బావా, మన హారికా క్షేమం. అక్కడ నువ్వూ, మరదలూ, తేజశ్రీ క్షేమమని నువ్వొక కార్డు ముక్క రాస్తే తెలిసేది. రాయవు కనక క్షేమంగానే ఉన్నారనుకుని మొదలుపెడుతున్నాను. కర్ణాటకలో మీ సింధనూరు క్యాంపుకి ఫోన్లు వచ్చాయని తెలుసు, నీ నంబరూ నా దగ్గరుంది. కానీ ఫోన్లో నువ్వు "ఆ అక్కా, బాగానే ఉన్నాం" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టేయలేవు. కోపం వచ్చి పక్కన పడేసినా మళ్ళీ నువ్వే తీసి చదువుతావు. నిన్ను చంకనేసుకుని తిరిగినదాన్ని, నీ సంగతి నాకు తెలియదా?

ముందు నన్ను గొప్ప చెప్పుకోనీ. నీ మేనకోడలు సినిమా తీసింది. తీయడమే కాదు, గెలిచింది. మొన్న డిసెంబరులో హైదరాబాదులో చిన్న సినిమాల పండగ జరిగితే మొదటి బహుమతి మన హారికకి వచ్చింది. పోయిన వారం పేటలో హాల్లో వేస్తే, సీట్లు నిండిపోయి జనం గోడలకి ఆనుకుని నిలబడి చూశారు. ఇంకో మాట కూడా ఉంది, కూర్చుని చదువు. ఆ సినిమాలో అమ్మ వేషం నాది. నాన్న వేషం మీ బావది. నవ్వకు.

ఇక అసలు మాట. ఈ నెల పదమూడో తారీఖు, శుక్రవారం, ఒంగోల్లో ఆట ఉంది. నువ్వు రావాలి. నా కొడుకు బాలు చనిపోయిన ఏడాది ఈ ఇంటి గుమ్మం దిగినవాడివి, ఇంతవరకూ మళ్ళీ ఎక్కలేదు. మీ బావకి చెప్పకుండానే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆయన ఏమంటాడో నాకు తెలియదు. ఏమన్నా సరే, నేను చూసుకుంటాను. నువ్వు బస్సెక్కితే చాలు.

నిన్ను ఎందుకింత గట్టిగా పిలుస్తున్నానో తెలియాలంటే సినిమా సంగతంతా చెప్పాలి. ఓపిగ్గా విను.

హారిక డిగ్రీ అయ్యాక టీచరు ట్రైనింగు చెయ్యమంటే చెయ్యలేదు. పేటలో పీరు అని పెళ్ళి వీడియోలు తీసే అబ్బాయి స్టూడియోలో చేరింది. పెళ్ళికూతుర్ని గుండె బొమ్మలో పెట్టి గిర్రున తిప్పడం, తలంబ్రాల మీద గులాబీలు రాల్చడం, ఇవన్నీ కంప్యూటర్లో చేసేది మన పిల్లే. రెండేళ్ళ కిందట వేసవిలో మూఢం వచ్చింది. పెళ్ళిళ్ళు లేవు. స్టూడియో కెమెరా బీరువాలో ఊరికే కూర్చుంది. దాన్ని వాడుకుంటానని పీరుని అడిగింది. పీరు సరేనన్నాడు, తనూ వస్తానన్నాడు. మన సుబ్బరావమ్మ పిన్ని ఊరుకుంటుందా? మూఢంలో కొత్త గుడ్డ కూడా కట్టరు, నువ్వు సినిమా మొదలెడతావా, మంచి రోజులు వచ్చేదాకా ఆగలేవా అని దులిపింది. మంచి రోజుల్లో కెమెరా దొరకదు అమ్మమ్మా అంది హారిక.

కథ ఏంటే అని నేనడిగాను. అప్పుడు బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. "అన్నయ్య కథ" అంది. చేట నా చేతిలో అలాగే ఉండిపోయింది.

కోటీ, ఆ రోజు సంగతి నీకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. అయినా ఒకసారి రాస్తాను, సినిమా అంతా దాని మీదే నిలబడింది కనక. ఆ ఏడు వానల్లేక గడ్డి దొరకలేదు. మన పశువుల్ని ఎర్రగొండపాలెం అవతల నల్లమల అంచుకి తోలుకుపోయారు, నువ్వూ బాలూ. మే నెల ఎండ. గిత్త ఒకటి మంద తప్పి పరిగెడితే బాలు దాని వెంట పోయాడు. ఎంతకీ రాకపోతే నువ్వు మన చేలో పిలిచినట్టే ఓహోయ్ అని పిలిచావు. పలికాడన్నావు. పలికిన వైపు కొండెక్కావు. పిలుస్తూ ఎక్కుతుంటే పలుకుతూనే ఉన్నాడన్నావు. తీరా పైకి పోతే ఎవరూ లేరు. మర్నాడు వాణ్ణి కొండకి ఎదురు దిక్కున, ఎండిపోయిన వాగులో, బండరాళ్ళ మధ్య చూశారు. వడదెబ్బ.

మనం ఎవరం? మిరప చేల మధ్య పుట్టినవాళ్ళం. ఈ కల్లంలో ఒకరు ఓహోయ్ అంటే ఆ కల్లంలో ఇంకొకరు ఓహోయ్ అనాలి, అనకపోతే ఏదో అయిందని పరిగెత్తుకొస్తారు. గొంతు ఏ వైపు నుంచి వస్తే మనిషి ఆ వైపు ఉంటాడు. మన నేల బల్లపరుపు, మధ్యలో అడ్డేముంది? కోటప్పకొండ కళ్ళకి కనిపిస్తుంది గానీ గొంతుకి అందదు. అందుకే నువ్వు చెప్పింది ఎవరికీ ఎక్కలేదు. పెద్దకర్మ రోజు పందిట్లో అందరి ముందూ మీ బావ అన్న మాట నేను లోపల పడుకునే విన్నాను. "పలికినోడు వాగులో ఎందుకున్నాడ్రా? వాడు పలకలా. ఎండకి తాళలేక నీ దారి నువ్వు చూసుకుని, ఇప్పుడు కథలు చెప్తన్నావు" అన్నాడు. "పలికాడు బావా, నా చెవులారా విన్నా" అని నువ్వు. అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పి, చివరికి చెప్పులేసుకుని వెళ్ళిపోయావు. అక్కణ్ణుంచి సింధనూరు, ఆ కౌలు పొలం, ఆ క్యాంపు.

నువ్వు అబద్ధమాడావని నేనేనాడూ అనుకోలేదు. కంగారులో నీ చెవులకి ఏదో వినిపించి ఉంటుందనుకున్నాను. హారికా అలాగే అనుకుంది. అదే దాని సినిమా.

మీ బావ సంగతి నీకు తెలియదు కదా, చెబుతాను. ఆ రోజు నుంచి ఆయన కేక మానేశాడు. చేలో ఎవర్నీ పిలవడు. జక్రయ్య అవతలి గట్టున మందు కొడుతుంటే ఇవతల్నుంచి ఒక్క కేకేస్తే అయిపోయే పనికి, ఎండలో అంత దూరం నడిచి వెళ్ళి భుజం తట్టి చెబుతాడు. పక్క కల్లం వాళ్ళు ఓహోయ్ అంటే పలకడు. మొదట్లో వాళ్ళు కంగారుపడి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. తర్వాత అలవాటు పడిపోయారు, మా వైపు పిలవడమే మానుకున్నారు. మన కల్లం ఒక్కటీ మూగదైపోయింది.

ఇప్పుడు సినిమా కథ చెబుతాను. పేరు 'కొండపలుకు'. కొడుకు అడవిలో పోయిన ఏడాదికి, ఒక అమ్మా నాన్నా కూతురూ పశువుల్ని తోలుకుని అదే అడవి అంచుకి వెళ్తారు. అన్నానికి పిలిచే అలవాటు కొద్దీ ఆ తల్లి ఒక మధ్యాహ్నం ఓహోయ్ అంటుంది. కొండ మీద నుంచి బదులు వస్తుంది. మర్నాడు మళ్ళీ పిలుస్తుంది, మళ్ళీ బదులు. మొదట కూతురికి భయం, తర్వాత తండ్రికి భయం. తల్లికి మాత్రం సంతోషం. నాలుగో కంచం పెడుతుంది. పలకకపోతే అలుగుతుంది, పలికితే నవ్వుతుంది. ఆ నవ్వు చూసే జనం ఎక్కువ దడుచుకున్నారని చెబుతారు. దెయ్యం లేదు, తెల్ల చీర లేదు, గజ్జెల చప్పుడు లేదు. ముగ్గురు మనుషులూ, ఒక కొండా, అంతే.

పైగా అంతా పట్టపగలే తీశారు. లైట్లు లేవు, జనరేటరు లేదు. పీరు తల పట్టుకున్నాడు. "దెయ్యాల సినిమా మిట్టమధ్యాహ్నం ఎవరన్నా తీత్తారా హారికా? నవ్వుతారు" అన్నాడట. "మా అన్నయ్య పోయింది పగలే గదా" అందట ఇది. పీరు కెమెరా సంచీ సర్దుకున్నాడు.

అమ్మ వేషానికి ముందు అనుకున్నది నన్ను కాదు. ఒంగోలు నుంచి మాధవీలత గారని నాటకాలావిడ వచ్చారు. మంచి మనిషి, మంచి గొంతు. మొదటి రోజు షూటింగు మన కల్లంలోనే, ఎర్రగా పరిచిన కాయల మధ్య ఆవిడ నడవాలి. నాలుగడుగులు వేశారో లేదో తుమ్ములు. కళ్ళు చింతనిప్పులు. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఎలాగో ఒక సీను ముగించి, కొడుకుని పిలవాల్సి వస్తే ఓ...హో...య్ అని రాగం తీశారు. జక్రయ్య పరదా పట్టలు మోసుకుపోతూ ఆగి, "ఎవురికో వన్స్ మోర్ గావాల" అన్నాడు. అందరం నవ్వాం, పాపం ఆవిడా నవ్వేశారు. సాయంత్రానికి జ్వరం వచ్చి ఒంగోలు బస్సెక్కేశారు. హారిక నా వైపు తిరిగింది. నాకు యాక్టింగు రాదే అన్నాను. "రాకపోబట్టే నువ్వు కావాలి" అంది.

మీ బావ మాత్రం మండిపడ్డాడు. "పోయినోణ్ణి బొమ్మలాట ఆడిస్తారా?" అని కంచం ముందు నుంచి లేచిపోయాడు. తండ్రీకూతుళ్ళు కొన్నాళ్ళు మాట్లాడుకోలేదు. కానీ మేమిద్దరం ఆ అడవికి నిజంగానే బయల్దేరుతున్నామని తెలిసేసరికి, ఊళ్ళో పానకాలుని మినీ లారీ అడిగి తెచ్చి ఆయనే తోలాడు. ఆడవాళ్ళని అక్కడికి ఒంటరిగా పంపననేది ఆయన మాట. లారీ నీడలో కొండకి వీపు పెట్టి కూర్చునేవాడు. నాన్న వేషం వెయ్యి నాన్నా అని హారిక బతిమాలితే, "నా పని నేను చేసుకుంటా. తీసుకుంటే తీసుకో, నన్నేం చెయ్యమనబాకు" అన్నాడు. అంతే, అదే సినిమాలో నాన్న వేషం. తాడు పేనుతుంటే తీసింది, టైరు కింద రాయి పెడుతుంటే తీసింది, చెట్టు కింద ముఖాన తువ్వాలు కప్పుకుని పడుకుంటే తీసింది. ఆయన ఒక్క మాట మాట్లాడడు. ఆ మౌనమే అందరికీ నచ్చింది.

నువ్వు నమ్మవు గానీ, హారిక ఎక్కడ తీసిందో తెలుసా? ఆ వాగులోనే. ఆ కొండ ముందే. నేను వద్దన్నాను. "వేరే చోట తీస్తే అబద్ధం అయిపోద్దమ్మా" అంది. వాడు పడి ఉన్న చోట మొదటి రోజు నేను కాలు పెట్టలేకపోయాను. రెండో రోజు పెట్టాను. మూడో రోజు అక్కడే కూర్చుని అన్నం తిన్నాను. నీకు చెబితే తప్పుగా అనుకోవుగా, తిన్నాక ఏదో తేలిక అనిపించింది. వాడితో కలిసి తిన్నట్టు.

అక్కడ అన్ని రోజులూ నేను ఉత్తినే నోరు తెరిచి పిలిచినట్టు చేసేదాన్ని. పెళ్ళి వీడియోల పద్ధతి అది. ముందు బొమ్మ తీసుకుంటారు, చప్పుడు తర్వాత కలుపుకుంటారు. నాకూ అదే నయమనిపించింది. అక్కడ నిలబడి నిజంగా పిలవడం నా వల్ల అయ్యేది కాదు. ఆఖరి రోజు మాత్రం హారిక ఒక కర్రకి మైకు కట్టి తెచ్చింది. "ఇవాళ ఒక్కసారికి నిజంగా పిలువమ్మా. నేను ఎర్ర తువ్వాలు దించేదాకా ఆపొద్దు" అంది. అదీ, పీరూ గట్టు మీదున్న దిబ్బెక్కి కెమెరా పెట్టుకున్నారు. నేను కింద వాగులో, బండల మధ్య. మీ బావ నీళ్ళ క్యాను పట్టుకుని బోరు దగ్గరికి పోయాడు.

పిలిచాను కోటీ. ఎన్నాళ్ళ నుంచో గొంతులో అడ్డం పడి ఉన్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది. కొండ కూడా పలికింది. మళ్ళీ పిలిచాను. అప్పుడు చూశాను, వాగు గట్టు తెగిన చోట నుంచి, అవతల మైదానంలో మీ బావ క్యాను విసిరేసి పరిగెడుతున్నాడు. నా వైపు కాదు, కొండ వైపు. ఆ వయసులో ఆ పరుగేమిటి! పంచె ఎగ్గట్టి, ముళ్ళని చూడకుండా, పడి లేస్తూ. నేను పిలిచేకొద్దీ నాకు దూరంగా, ఇంకా వేగంగా పోతున్నాడు. ఓహో, హారిక ఈయనకి చెప్పి ఉంచింది, నా ముఖంలో నిజంగా ఆశ్చర్యం రావాలని నా దగ్గర దాచింది అనుకున్నాను. తువ్వాలు దించలేదు కనక పిలుస్తూనే ఉన్నాను. కొండ కింద ఆయన ఆగాడు. పైకి చూశాడు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని ఓహోయ్ అన్నాడు. అన్నేళ్ళ తర్వాత ఆయన నోట ఆ కేక వినడం అదే. నేను బదులు పలికాను. అప్పుడు ఆయన మెల్లగా వెనక్కి తిరిగాడు. ఆ ముఖం ఎలా ఉందో నేను రాయలేను, ఒంగోల్లో చూద్దువుగాని. సినిమా అక్కడితో అయిపోతుంది.

హైదరాబాదులో ఆ బొమ్మ చూశాక కలకత్తా నుంచి వచ్చిన ఒక పెద్దాయన మైకు పట్టుకుని ఇంగ్లీషులో ఏదో అన్నాడు. హారిక నాకు చెవిలో చెప్పింది, పగటి వెలుగులో ఇంత భయపెట్టిన సినిమా నా జన్మలో చూడలేదు అంటున్నాడమ్మా అని. బహుమతి ఇచ్చేటప్పుడు నేనూ స్టేజీ ఎక్కాను, మంగళగిరి చీరలో. మీ బావకి వేరే మెచ్చుకోలు పత్రం ఇచ్చారు, నటనకి. ఆయన స్టేజీ ఎక్కనన్నాడు. కుర్చీలోంచే "నేనేం యాక్షను చెయ్యలా" అన్నాడు. అందరూ ఎంత వినయమో అని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

కానీ నా మనసుకి పెద్ద గెలుపు మన పేటదే. హాలువాళ్ళు మొదట హాలు ఇవ్వం అన్నారు. పాటల్లేవు, ఫైటింగుల్లేవు, ఎవరు చూస్తారన్నారు. చివరికి ఒక్క ఉదయం ఆటకి ఒప్పుకున్నారు. ఆ రోజు మనూళ్ళో కాయ ఏరేవాళ్ళు లేక కల్లాలన్నీ ఖాళీ. ట్రాక్టర్ల మీద వచ్చారు. జిన్నింగు మిల్లుల్లో రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు తల మీద దూది పోగులతోనే వచ్చారు. సుబ్బరావమ్మ పిన్ని ముందు వరసలో కూర్చుని, మూఢం సినిమా ఎలా ఉంటదో చూద్దామని వచ్చా అంది. మొదట్లో నన్ను తెర మీద చూసి ఈలలేశారు. జక్రయ్య భార్య రెబ్కా అయితే "అక్కా, బొద్దుగా ఉన్నావే" అని అరిచింది. నేను సిగ్గుతో చచ్చాను. తర్వాత నాలుగో కంచం దగ్గరికి వచ్చేసరికి హాల్లో దగ్గు కూడా వినపడలేదు.

ఆఖరి సీను వచ్చింది. తెర మీద నేను వాగులో నిలబడి ఓహోయ్ అన్నాను. హాల్లో వెనకాల ఎవరో, అలవాటు కొద్దీ, ఓహోయ్ అన్నారు. ఒక్కరూ నవ్వలేదు. రెండోసారి పిలిస్తే పదిమంది పలికారు. మూడోసారి హాలు హాలంతా పలికింది కోటీ! ఆడా మగా, ముసలీ ముతకా, మన ఊరూ, పక్క ఊళ్ళూ. మరి పిలిస్తే పలకాలిగా, మనకి తెలిసిన పద్ధతి అదే. ఆ గొంతులన్నీ వచ్చి నా గుండెకి కొట్టుకుంటుంటే, నా బిడ్డని వీళ్ళంతా కలిసి పిలుస్తున్నారనిపించింది. హైదరాబాదు చప్పట్లు దీని ముందు ఏపాటి? హారిక ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుని ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. మీ బావ నోరు కూడా కదిలింది. గొంతు వచ్చిందో లేదో ఆ హోరులో నాకు వినపడలేదు. బయటికి వచ్చాక సుబ్బరావమ్మ పిన్ని హారిక తల మీద చెయ్యి పెట్టి, ఇక నుంచి నా మనవరాళ్ళ పెళ్ళిళ్ళు కూడా మూఢంలోనే చేస్తానే అంది!

ఆ హాల్లో ఒక్క గొంతు తక్కువైంది. అది నీది. ఆ అడవిలో మొదట పిలిచినవాడివి నువ్వు. ఎవరు నమ్మినా నమ్మకపోయినా, నీ కేక లేకపోతే ఈ సినిమా లేదు. సినిమా మొదట్లో పడే అక్షరాల్లో నీకే అంకితం ఇచ్చింది హారిక, 'మా మామయ్యకి' అని. అది చూసి మీ బావ ఏమీ అనలేదు. తీసెయ్యమని కూడా అనలేదు. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను.

ఈసారి కాయ మంచి రంగు తిరిగింది. మరదలికి పచ్చడి మిరపకాయలు వేరే ఎండబెట్టి ఉంచాను, వచ్చి పట్టుకుపో. తేజశ్రీకి పరీక్షలైతే తనని కూడా తీసుకురా. అత్త తెర మీద ఎలా ఉందో చూసి నవ్వుకుంటుంది. రాకపోతే మాత్రం నేనే సింధనూరు వస్తాను, వచ్చి మీ క్యాంపు నడిబొడ్డున నిలబడి ఓహోయ్ అంటాను. పరువు నీదే పోతుంది.

నీ దారి చూస్తూ,
నీ అక్క
సామ్రాజ్యం

తా.క. మంగళవారం పొద్దున రాస్తున్నాను. రాత్రి ఈ ఉత్తరం మడిచి పోపుల డబ్బా కింద దాచాను. పొద్దున్నే టీ పెట్టుకుందామని వచ్చి మీ బావ చూడనే చూశాడు. ఎవరికే అన్నాడు. దాచి ఏం లాభం, కోటికి అన్నాను. చదువు అన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాను, పెద్దకర్మ నాటి మాటతో సహా. ఆయన స్తంభానికి ఆనుకుని వింటున్నాడు. కొండ వైపు పరుగు దగ్గరికి వచ్చి, హారిక ఈయనకి చెప్పి ఉంచింది అని చదివానో లేదో, ఆపమన్నాడు.

"నాకెవురూ చెప్పలా" అన్నాడు. హారిక లోపల్నుంచి వచ్చి, అమ్మే చెప్పి ఉంటుందని నేననుకున్నా నాన్నా అంది. ఈ రెండేళ్ళూ ఆయనకి చెప్పింది హారికే అని నేనూ, నేనే అని అదీ అనుకుంటూ ఉన్నాం.

కోటీ, ఆయన నటించలేదు. బోరు దగ్గర్నుంచి వస్తుంటే నా కేక వినపడిందట. కొండ మీద నుంచి వినపడిందట. నేను కింద వాగులో ఉన్నానని ఆయనకి తెలియదు. ఆయన వస్తున్న వైపు వాగు గట్టు అడ్డమై, నా గొంతు నేరుగా పోకుండా కొండకి తగిలి అటు నుంచి ఆయన చెవిన పడింది. నేను కొండెక్కి ఏదో ఆపదలో పడ్డాననుకున్నాడు. బాలు సంగతి మళ్ళీ అయిందనుకుని పరిగెత్తాడు. నేను పిలిచేకొద్దీ కొండే పిలుస్తోందట. కొండ కిందికి పోయి తను కేకేశాక, నా బదులు వెనక నుంచి వస్తే అప్పుడు తిరిగి చూశాడు. వాగులో నేను. సరిగ్గా వాడు పడి ఉన్న చోట.

"కోటిగాడు విన్నది వాడి గొంతేనే" అన్నాడు. "బాలిగాడు పలికాడు. వాగులోంచి పలికాడు. కొండ అటు తిప్పింది. కోటి నిజం చెప్పాడు, నేను పదిమందిలో అబద్ధాలకోరును చేశా. ఆ రోజే తెలిసింది. ఏ మొఖంతో చెప్పను?" అని, నా కొడుకు పోయినప్పుడు కూడా అందరి ముందూ ఏడవని మనిషి, టీ గ్లాసు చేతిలో పట్టుకుని ఏడ్చాడు.

అందుకే నీకిది రాస్తున్నాను తమ్ముడూ. నీ చెవులు నిన్ను మోసం చేయలేదు. నువ్వు పిలిచావు, వాడు పలికాడు. వాడు ఎవరూ లేనివాడిలా పోలేదు, మామయ్య కేక వింటూ, బదులు చెబుతూనే ఉన్నాడు.

ఇప్పుడే మీ బావ కల్లానికి పోయాడు. ఇక్కడ వంటింట్లోకే వినపడింది, జక్రయ్యని ఓహోయ్ అని పిలిచాడు. జక్రయ్య భయపడి పరిగెత్తుకొచ్చాడట, ఏమైంది అయ్యా అని. ఏమీ కాలేదురా అన్నాడట. తర్వాత పక్క కల్లాల నుంచి ఒకరి వెనక ఒకరు పలుకుతూనే ఉన్నారు, నేను ఈ ముక్క రాస్తున్నప్పుడు కూడా వినపడుతోంది.

ఆట ముందు రోజు, గురువారం సాయంత్రం నీ బస్సు పేటకి ఎన్నింటికి వస్తుందో ఆయనే కనుక్కుంటానన్నాడు. బస్టాండులో నిలబడి ఉంటాడు. ఆ రద్దీలో కనిపించకపోతే, దిగి ఒక్క కేకెయ్యి. పేటలో అడ్డం తిప్పే కొండ లేదు, నువ్వు ఎటున్నావో అటే వస్తాడు.